గారు: పేరు వెనక నడిచే బహువచనం

నెల్లూరు, ఒంగోలు వైపు అచ్చయిన పెళ్ళి శుభలేఖ ఏదైనా తీసి చూడండి. అందులో "శ్రీ మాలకొండయ్య గారి కనిష్ఠ పుత్రుడు" అని ఉందనుకుందాం. పేరు ముందు శ్రీ ఉంది. పేరు వెనక గారు ఉంది. పేరు కడుపులోనే అయ్య ఉంది. ఒక్క మనిషికి మూడు మర్యాదలు. శ్రీ సంస్కృతం మాట. కాంతి, సంపద, లక్ష్మి దాని అర్థాలు. అయ్య దక్షిణాది భాషల్లో తండ్రికీ పెద్దవాడికీ చెల్లే మాట. సంస్కృతంలోని ఆర్య ప్రాకృతంలో అయ్యగా మారింది కాబట్టి అక్కణ్ణుంచి వచ్చిందనే వాదం కూడా ఉంది. మూడోది గారు. మిగతా రెండిటికీ లేని బలం దీనికుంది. ఎక్కడో వాక్యం చివరన ఉన్న క్రియను కూడా ఇది పట్టి మారుస్తుంది. "మాలకొండయ్య వచ్చాడు" అనొచ్చు, తప్పేమీ లేదు. "మాలకొండయ్య గారు వచ్చాడు" అంటే మాత్రం చెవిలో ముల్లు దిగినట్టుంటుంది. ఎందుకట్లా ఉంటుందో తెలిస్తే గారు అంటే ఏమిటో తెలిసినట్టే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. గారు అనేది గౌరవం అన్న మాట అరిగిపోయి వచ్చిందని చాలామంది అనుకుంటారు. గకారం, రకారం రెండిట్లోనూ ఉండటంతో అట్లా అనిపిస్తుంది. గౌరవం గురు శబ్దం నుంచి వచ్చింది. గురు అంటే బరువైనది. బరువుగా ఉండటమే గౌరవం. గారు నడక అది కాదు. దీన్ని విభక్తుల్లో పెట్టి చూడండి: గారు, గారిని, గారికి, గారితో, గారి వల్ల. పక్కనే వారు పెట్టండి: వారు, వారిని, వారికి, వారితో, వారి వల్ల. ఒకే అచ్చులో పోసినట్టు లేవూ? క్రియ కూడా రెండిటికీ ఒకటే: వారు వచ్చారు, గారు వచ్చారు. ఇంకో జత చూడండి. వారుకు ఏకవచనం వాడు. మరి గారుకు? పల్లెల్లో రోజూ వినపడే గాడు. పెంచలిగాడు, సుబ్బిగాడు. వాడు, వారు ఒక జత. గాడు, గారు ఒక జత. అంటే గారు ఒక మనిషిని పలువురిగా లెక్కపెట్టే మాట. ఒక్కడే నడిచొస్తున్నా పదిమంది వస్తున్నట్టు క్రియ పెట్టడమే ఆ మర్యాద.

పక్క భాషల్లోనూ ఇదే పద్ధతి. కన్నడంలో పేరు వెనక అవరు అంటారు, అంటే వారు. తమిళంలో అవర్‌గళ్ అంటారు, అదీ వారు అనే మాటే, మీద ఇంకో బహువచన ప్రత్యయం చేరింది. నెల్లూరు సీమ 1953 దాకా మద్రాసు ఏలుబడిలో ఉంది కదా, ఆ కాలపు దస్త్రాల్లో తెలుగువారి పేరు చివర గారు, తమిళుల పేరు చివర అవర్‌గళ్ అన్నదానికి పొట్టి రూపం పెట్టేవాళ్ళు. పేరు ముందు ఇద్దరికీ ఒకటే: మహారాజ రాజశ్రీ, కుదించి మ.రా.రా.శ్రీ. మధ్యయుగపు తెలుగు శాసనాల్లో రెడ్డింగారు, నాయనింగారు అనే రూపాలు కనిపిస్తాయి. అద్దంకి రాజధానిగా రెడ్లు రాజ్యం మొదలుపెట్టింది 14వ శతాబ్దంలో. గారు వయసు ఏపాటిదో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

గారు బహువచనం అని ఒప్పుకున్నాక వాడకంలో మొదటి నియమం దానంతట అదే వస్తుంది. గారు అని మొదలుపెడితే క్రియ దాకా మోయాలి. "రెడ్డి గారు పొలం కాడికి పోయుండారు" అనే నెల్లూరు మాటలో నియమం చెక్కుచెదరకుండా ఉంది. యాసకూ మర్యాదకూ పేచీ లేదు. "రెడ్డి గారు పొలానికి వెళ్ళాడు" అనే మాట పట్నపు తెలుగే, కానీ విరిగిన వాక్యం. ఈ తప్పు ఎక్కువగా పొడుగు వాక్యాల్లో జరుగుతుంది. మొదట గారు పెడతారు, మధ్యలో నాలుగు ముక్కలు వస్తాయి, ఆ తర్వాత ఆయన అని అందుకుంటారు, చివరికొచ్చేసరికి అన్నాడు అని దిగిపోతారు. ఆయన అనే మాటకు రెండు క్రియలూ చెల్లుతాయి, ఆయన వచ్చాడు, ఆయన వచ్చారు. అందుకే జారుడు అక్కడ మొదలవుతుంది. రాసేటప్పుడు గారు కింద ఒక గీత, దానికి తగ్గ క్రియ కింద ఒక గీత గీసి చూసుకుంటే తప్పు పట్టుబడుతుంది.

పత్రికలు దీన్ని తిరగేసి వాడతాయి. వార్తలో గారు ఉండదు, చోటు దండగ అని తీసేస్తారు. మర్యాద అంతా క్రియలో పెడతారు. మంత్రి చెప్పారు, కలెక్టర్ ఆదేశించారు. నిందితుడు పరారయ్యాడు, బ్యాటర్ సిక్సర్ కొట్టాడు. గారు లేకపోయినా మర్యాద నిలుస్తుంది, క్రియ పోతే నిలవదు. గారు మాటలో కంటే క్రియలోనే మర్యాద ఎక్కువ ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆడవాళ్ళ విషయంలో ఈ బహువచనం ఇంకా పెద్ద పని చేస్తుంది. తెలుగులో మగవాడికి వచ్చాడు అని సొంత క్రియ ఉంది. ఆడమనిషికి ఏకవచనంలో సొంత క్రియ లేదు. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, బర్రె వచ్చింది. ఆమె, ఆవిడ అని సర్వనామం ఎంత పెంచినా ఏకవచనంలో క్రియ మారదు. మగవాడికి వాడు, అతను, ఆయన అనే మెట్లున్నాయి, కింది మెట్టు మీద కూడా క్రియ మనిషిదే. ఆడమనిషి క్రియ మనుషుల్లోకి రావాలంటే బహువచనం ఒక్కటే దారి: వచ్చారు. అందుకని టీచరమ్మ వచ్చింది, డాక్టరమ్మ వచ్చింది అనేదాన్ని టీచర్ గారు వచ్చారు, డాక్టర్ గారు వచ్చారు అని మార్చుకోవడం నాకు చాలా అవసరమైన మార్పు అనిపిస్తుంది. అమ్మ అని పిలవడంలో ప్రేమ లేదని కాదు. అదే ఆసుపత్రిలో మగ డాక్టరు వచ్చారు, ఆడ డాక్టరు వచ్చింది అనడం సరికాదని. గారు పెట్టి బహువచనం వాడితే వాక్యంలో ఆడా మగా తేడా కూడా కనపడదు.

అయితే గారు ఎక్కడ పడితే అక్కడ అతికించే మాట కాదు. చుట్టరికాల మీద పడితే కొన్నిచోట్ల అర్థమే మార్చేస్తుంది. అత్త అంటే మేనత్త కావచ్చు, మేనమామ భార్య కావచ్చు. అత్తగారు అంటే మొగుడి తల్లో పెళ్ళాం తల్లో, ఇంకెవరూ కాదు. మామ, మామగారు కూడా అంతే. అమ్మ కన్నతల్లి, అమ్మగారు అని ఇంటి యజమానురాలిని పనివాళ్ళు పిలుస్తారు. అమ్మగారిల్లు అంటే మళ్ళీ పుట్టిల్లు. అయ్యకూ అయ్యగారికీ ఉన్న దూరం కూడా అదే. పరభాషల వాళ్ళకు తెలుగు నేర్పేటప్పుడు పేరుకు గారు చేర్చండి అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తే వాళ్ళు కన్నతల్లిని అమ్మగారు అని పిలిచి కూర్చుంటారు.

మన జిల్లాల పల్లెల్లో తండ్రి నాయన. "నాయనా, నువ్వు తిన్నావా?" అనే పిలుపులో నువ్వు ఉంది, ఏకవచనం ఉంది, గౌరవానికి లోటు లేదు. నాన్నగారూ మీరు అనే పద్ధతి కృష్ణా, గోదావరి వైపు ఇళ్ళల్లో ఎక్కువ. ఇక్కడ ఆ పద్ధతి ఉన్న ఇళ్ళు తక్కువ. మేనరికాలు జరిగిన ఇళ్ళల్లో కోడలు కూడా అత్తను నువ్వు అనే అంటుంది. పుట్టినప్పటి నుంచీ పిలిచిన మేనత్త పెళ్ళయిన మర్నాడు మీరు ఎట్లా అవుతుంది? కొత్త సంబంధమైతే అత్తగారూ, మీరు అని మొదలవుతుంది. జేజి, అవ్వ, తాత, అబ్బ, ఎవరికీ గారు తగలదు. జేజి అనే మాటే తీసుకోండి, చంటిపిల్లల భాషలో దేవుడికి ఉన్న పేరు అది. నాయనమ్మను ఆ పేరుతో పిలుస్తున్నప్పుడు పైన ఇంకో మర్యాద పెట్టే చోటెక్కడుంది?

నెల్లూరు ట్రంకురోడ్డులో ఏ అంగడి ముందు నిలబడినా వినపడే పిలుపు "నా". అన్నాలో మొదటి అక్షరం మింగేస్తే మిగిలినది. "ఏం కావాల నా?" అని అరవై ఏళ్ళ అంగడాయన ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి అడుగుతాడు. వయసు లెక్క లేదు. తెలియని మనిషికి ఇక్కడ ఇచ్చే మొదటి మర్యాద చుట్టరికం. అన్నా, అక్కా, పెద్దాయనా, సామీ. గోదావరి జిల్లాల వాళ్ళు మాటమాటకూ అండీ చేర్చి చేసే పనిని నెల్లూరు ఈ చుట్టరికాలతో చేస్తుంది. ఆ అండీ కూడా బహువచనమే, రండి, చెప్పండి అనే క్రియల తోకే. ఇక్కడివాళ్ళు అండీ తక్కువ అంటారు కాబట్టి మోటు అని బయటివాళ్ళు తీర్మానించుకోవడం అన్యాయం. మర్యాదను ఎక్కడ పెట్టాలనే దానిలో ఊరికో అలవాటు ఉంటుంది.

అన్నా అని పిలిచే మనిషి ఒకరోజు హఠాత్తుగా గారు అన్నాడంటే దానికి వేరే లెక్క. ఊళ్ళో పంచాయితీకి వచ్చిన అన్నదమ్ములు ఒకరినొకరు పేరు పెట్టి గారు అనుకుంటున్నారంటే తగువు ముదిరిందన్నమాట. గారు దగ్గరివాణ్ణి దూరం జరుపుతుంది. మర్యాద అనే మాటకే సంస్కృతంలో హద్దు అని అర్థం. హద్దు అవసరమైన చోట పెట్టాలి. కొత్తవాళ్ళ దగ్గర, కార్యాలయంలో, సభలో, కాగితం మీద. ఇంట్లో హద్దురాయి పాతకూడదు. అతిప్రేమకు కూడా ఏకవచనమే. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పాడారు అని వేదిక మీద చెప్పే నెల్లూరు మనిషే కిందికి దిగాక మన బాలు పాడాడు అంటాడు. రాముడు వచ్చాడు అనే మాటలో భక్తి ఏమైనా తగ్గిందా?

ఇక కష్టమైన సంగతి. గారు దక్కినవాళ్ళ గురించి చెప్పి గాడు దక్కినవాళ్ళ గురించి చెప్పకపోతే ఈ మాట చరిత్ర సగమే అవుతుంది. పెంచలకోన నరసింహస్వామి పేరున ఈ సీమలో వేలమంది పెంచలయ్యలున్నారు. ఆ పేరులో అయ్యను తల్లిదండ్రులు కోరి పెట్టుకున్నారు. పెంచలయ్య పెద్ద కులంలో పుట్టి నాలుగెకరాలుంటే పెంచలయ్య గారయ్యాడు. మాలమాదిగ పల్లెలో పుట్టి కూలికి పోతే పెంచలిగాడయ్యాడు. అంటే గారు ఇవ్వకపోవడంతో ఆగలేదు, పేరులో ఉన్న అయ్యను కూడా పీకేశారు. పదేళ్ళ పిల్లోడు అరవై ఏళ్ళ మనిషిని ఒరే అని పిలవడం, ఆ మనిషి పిల్లోణ్ణి అయ్యా అనడం ఊళ్ళకు ఊళ్ళు చూసినవే. చట్టం వచ్చాక, చదువులొచ్చాక చాలా మారింది. ఇప్పటికీ ఒక చోట కనిపెట్టొచ్చు: వయసు మళ్ళిన పారిశుద్ధ్య కార్మికుణ్ణి ఎట్లా పిలుస్తున్నారో వినండి. పేరు తెలుసుకుని పూర్తిగా పలకడం, వెనక గారు చేర్చడం, క్రియను బహువచనంలో దించడం, ఈ మూడూ చేయడానికి ఒక నిమిషం కూడా పట్టదు.

మర్యాద మాటలు అరిగిపోతాయి కూడా. నెల్లూరు పెన్న ఒడ్డున ఉన్న దేవుడు రంగనాథుడు. ఊరు ఆయన్ని పిలిచేది రంగనాయకులు అని, ఆ పేట రంగనాయకులపేట. చివర ఉన్న లు బహువచనం. ఆంజనేయులు, వేంకటేశ్వర్లు, శ్రీరాములు, అన్నిటిలోనూ అదే. ఒకప్పుడు ఈ లు గారు చేసే పనే చేసింది. ఇప్పుడది పేరులో కలిసిపోయింది, శ్రీరాములు వచ్చాడు అంటే ఎవరికీ ముల్లు దిగదు. వారు కూడా సగం అరిగింది. బడి పంతుల్ని పల్లెల్లో అయ్యోరు అంటారు, అయ్యవారుకు ఆ రూపం. అయ్యోరు వచ్చినాడు అనేవాళ్ళు ఉన్నారు. ఒళ్ళంతా పొక్కులు పోస్తే అమ్మవారు పోసింది అంటారు, వారు పక్కనే ఏకవచనం. సాహెబ్ అరబ్బీలో తోడు ఉండేవాడు, పారశీకం మీదుగా ఉర్దూకు వచ్చేసరికి యజమాని, దొర. మన పల్లెలకొచ్చి సాయిబు అయ్యాక మర్యాద పోయి ముస్లిం అనే అర్థం మిగిలింది, మర్యాద కావాలంటే మళ్ళీ సాయిబు గారు అనాల్సి వచ్చింది. కసుమూరు మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకుని పుట్టిన బిడ్డకు మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుకుంటారు. దర్గా మాటకు తెలుగు అయ్య కలిసింది, ఇంత చక్కని అతుకు ఇంకెక్కడా చూడం.

జిల్లాల పేర్లలోనూ ఈ అరుగుదల కనిపిస్తుంది. 2008లో నెల్లూరు జిల్లాను శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా చేశారు. ఆ పేరులో శ్రీ రెండుసార్లు ఉంది, చివర లు ఉంది. 1970లో ఒంగోలు జిల్లాగా పుట్టి 1972లో ప్రకాశం జిల్లా అయినదానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు, పంతులు మాత్రం వదిలేశారు.

లు పోయింది, వారు పోతోంది, గారు ఇంకా బిగువుగా ఉంది. దాని బిగువు క్రియలో ఉంది కాబట్టే గారు వచ్చాడు అనే మాట వినపడినప్పుడల్లా నాకు దిగులు.

ఇక కాగితం మీద రాసేవాళ్ళకు నాలుగు ముక్కలు. పేరుకు గారు విడిగా రాయండి: మాలకొండయ్య గారు. చుట్టరికానికి కలిపి రాయండి: మామగారు, వదినగారు. గారు యొక్క అని రాయకండి, గారి అంటే చాలు. ఇద్దరు ముగ్గురి పేర్లు వరసగా వస్తే ప్రతి పేరుకూ గారు అక్కర్లేదు, చివర ఒక్కసారి గార్లు అంటే సరిపోతుంది. ఇది బహువచనానికి బహువచనం, అయినా వ్యాకరణం ఒప్పుకుంటుంది. కాలం చేసినవారికి శ్రీ తీసి కీ.శే. పెట్టాలి, కీర్తిశేషులు అని దాని విప్పు. గారు మాత్రం తీయకూడదు. శుభలేఖల్లో శ్రీ కీ.శే. అని రెండూ అచ్చేయడం ఎక్కువైంది, అచ్చుకు ముందు దిద్దించండి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పేర్లకు గారు రాదు, చి. అని ఒకరికి, చి.ల.సౌ. అని ఒకరికి పెడతారు. పెద్దలు ఆశీర్వదించే చోట ఉన్నారు కాబట్టి.

సోమవారం కలెక్టరేటులో ఇచ్చే అర్జీ మీద పాతవాళ్ళు "జిల్లా కలెక్టరు గారి దివ్యసముఖమునకు" అని రాసేవాళ్ళు. ఇప్పుడు "గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి" అంటే చాలు. పదవికి గారు పెట్టాక పేరుకు మళ్ళీ పెట్టాల్సిన పని లేదు. మనుషులకు గారు, సంస్థలకు వారు: దేవస్థానం వారు, బ్యాంకు వారు, కోర్టు వారు. దేవుళ్ళకు కూడా వారే: స్వామివారు, అమ్మవారు. సార్ గారు, మేడమ్ గారు అనేవి ఒకే పని చేసే రెండు మాటలు, ఏదో ఒకటి ఉంచుకోండి.

తన పేరుకు తాను గారు పెట్టుకోకూడదు. ఫోనులో "సుబ్బారెడ్డి గారిని మాట్లాడతా ఉండా" అనకూడదు, సుబ్బారెడ్డిని అనాలి. మా నాన్నగారు, మా అత్తగారు అనొచ్చు. భర్తను చెప్పేటప్పుడు మా ఆయన, మా వారు, భార్యను చెప్పేటప్పుడు మా ఇంట్లో వాళ్ళు అనే వాడుకలు మన దగ్గర ఉన్నాయి. మా ఇంట్లో వాళ్ళు రేపు ఒంగోలు నుంచి వస్తారు అంటే వచ్చేది ఒక్కరే.